సీపీయూను సంతకు తోలుకెళ్ళిన రోజు

ఈ ఉదయం మా గడపలోకి ఒక అట్టపెట్టె వచ్చింది. మూడు రోజుల కిందట నా కూతురు మంచం మీద కాళ్ళు చాపుకుని, ఒక చేత్తో కాఫీ తాగుతూ, ఇంకో చేతి బొటనవేలితో ఫోను మీద నాలుగుసార్లు నొక్కింది. అంతే, వస్తువు ఇంటికొచ్చి పడింది. లోపల ఉన్నది గ్రాఫిక్స్ కార్డు. కంప్యూటరులో పెద్ద పెద్ద బొమ్మలు ఆగకుండా కదలాలంటే విడిగా ఒక పలక బిగిస్తారు, వెనక చిన్న ఫ్యాను తిరుగుతుంటుంది, అదే. అలవాటు ప్రకారం నేను కుంకుమ భరిణె తెచ్చుకుని నిలబడ్డాను గానీ మూత తీయలేదు. కూతురు నా వైపు చూసి నవ్వింది. "ఏమ్మా, బొట్టు పెట్టవా?" అంది. "ముందు దిగి చూపించనీ, ఆమీద పెడతా," అన్నాను. ఎందుకలా అన్నానో మా ఇద్దరికీ తెలుసు. మీకు చెప్పాలంటే పన్నెండేళ్ళు వెనక్కి పోవాలి.

నేను చదువుకున్నది రెండో తరగతి, అదీ సగం. నేను చెబుతుంటే రాస్తున్నది మా పక్కింటి టీచరమ్మ. నాది బండ గొంతు. మా ఊరి రాబర్ట్‌సన్‌పేట బజారులో నేను టమాటాలు బేరమాడితే సినిమా హాలులో ఉన్నవాళ్ళకు కూడా ధర తెలిసిపోతుందని మా ఆయన అనేవాడు. ఆ గరుకును టీచరమ్మ అక్కడక్కడా సర్దుతున్నారు. సర్దనివ్వండి, విషయం మారకపోతే నాకు చాలు.

మా ఆయన బంగారు గనుల్లో సర్వే పని చేసేవాడు. షాఫ్టు అంటే భూమిలోకి నిలువునా తవ్విన బావి. దాంట్లో ఇనుప బోనులో నిలబడి మైలు దాటిన లోతుకు దిగేవాడు, ఏ సొరంగం ఎంత దూరం పోయిందో కొలిచేవాడు, పైకొచ్చి ఆఫీసులో గీసేవాడు. ముప్ఫై ఏళ్ళు దిగాడు. నేను ఒక్కసారి కూడా దిగలేదు, ఆడవాళ్ళు దిగకూడదని అప్పటి కట్టడి. నా మొగుడు పగలంతా యాడ ఉంటాడో నాకు తెలియదు. తెల్లారి వెళ్ళి సాయంత్రానికి వస్తాడు, చొక్కా తడిసి ముద్దయి ఉంటుంది, లోపల ఎట్లా ఉంటుందని అడిగితే "ఉడుకు" అంటాడు. ఆ ఒక్క మాటతోనే ముప్ఫై ఏళ్ళు సంసారం చేశాను. ఆఫీసు పటాలు ఆఫీసుకే అప్పజెప్పి వచ్చాడు. తన చేతి నోటు పుస్తకం ఒకటి మాత్రం ఇంట్లో ఉండేది, తనకు తాను రాసుకున్న గుర్తులు. గనులు మూశారు, కొన్నేళ్ళకు ఆయనా పోయాడు, పుస్తకం బియ్యం డబ్బా వెనక మిగిలింది.

దాన్ని నా కూతురు తీసింది. డిప్లొమా చదివి, పని దొరక్క, ఊళ్ళో ఉచితంగా కంప్యూటరు నేర్పే కేంద్రానికి పోయేది. అక్కడ నేర్పేది లినక్స్ అనే పద్ధతి మీద. ఆ పద్ధతి ఎవరి సొత్తూ కాదు, లోపల ఏముందో ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, మంచి చేసి పదిమందికి పంచవచ్చు అని నాకు చెప్పింది. ఊరి చావిడి లాంటిదా అన్నాను, అలాంటిదే అంది. మేము అరువు సామాను పోగుచేసి కట్టించుకున్న కంప్యూటరులోనూ అదే వేసుకుంది. తర్వాత నాన్న పుస్తకం ముందు పెట్టుకుని, ఆ కొలతల ప్రకారం షాఫ్టును కంప్యూటరులో కట్టడం మొదలుపెట్టింది.

అప్పుడే బెంగళూరులో ఒక ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. గనులకూ సొరంగాలకూ పటాలు గీసే ఆఫీసు. వాళ్ళ పనీ లినక్స్ మీదే. సొంతంగా చేసిన పని ఒకటి ఇరవై రోజుల్లో తెచ్చి చూపించమన్నారు, పైనుంచి అడుగుదాకా దిగుతున్నట్టు కదిలే బొమ్మ. నచ్చితే ఉద్యోగం. అంతకు ముందు ఏడాదిన్నరలో దానికి వచ్చిన పిలుపు అదొక్కటే. అది పోతే మా ఇద్దరికీ ఇంకో దారి లేదు.

మా కంప్యూటరుకు బొమ్మను నిలబెట్టడం వచ్చింది గానీ కదిలించడం రాలేదు. బోను నాలుగు బారలు దిగి ఆగిపోయేది, తెర బిగుసుకుపోయేది. గ్రాఫిక్స్ కార్డు కావాలంది. లినక్స్‌లో నడిచేదే అడగమ్మా అని చెప్పి తను కేంద్రానికి పోయింది.

ఇక నేను చేసిన ఘనకార్యం వినండి. శుక్రవారం, రాహుకాలం దాటాక బజారుకు పోయాను. మొగుడు పోయాక ఆ ఇంటికి నా చేతులతో కొంటున్న మొదటి పెద్ద వస్తువు. పాతదీ వద్దు, చిన్నదీ వద్దు, నిన్న వచ్చినదే ఇయ్యప్పా అన్నాను. అంగడాయన రెండు ఫ్యాన్లున్నది తీశాడు, ఈ నెలలోనే వచ్చిందన్నాడు, లినక్స్‌లో పోతుందా అంటే అన్నింట్లోనూ పోతుందన్నాడు. ఇంటికి తెచ్చి, కూతురు వచ్చేదాకా ఆగలేక పెట్టె విప్పాను. కొత్త వస్తువు గడప దాటాక బొట్టు లేకుండా ఉంచుతామా? పసుపు తడిపి, కుంకుమ తడిపి, ఫ్యాన్ల నడుమ ఒకటి, మూలల్లో నాలుగు పెట్టాను. అడుగున, కంప్యూటరులో గుచ్చే చోట, బంగారు రంగు పళ్ళు వరసగా మెరుస్తున్నాయి. బంగారు గనుల ఊళ్ళో కాపురం చేసినదాన్ని, వాటికి పెట్టకుండా ఎలా ఊరుకుంటాను, ఈ కొస నుంచి ఆ కొసకు ఒక గీత గీశాను.

కూతురు వచ్చి చూసి నెత్తి మీద చేయి పెట్టుకుంది. పెన్సిలు రబ్బరు తెచ్చి ఆ పళ్ళన్నీ ఓపిగ్గా తుడిచింది. బిగించింది. ఫ్యాన్లు తిరిగాయి, మొదట నాలుగు అక్షరాలు వచ్చి తెర నల్లబడిపోయింది. ఆ రోజు కాదు, మరునాడూ కాదు, వారం రోజులు ఏదో ఒకటి చేస్తూనే ఉంది. కంపెనీవాళ్ళ సొంత సరంజామా ఇంటర్నెట్లో దించుకుని ఎక్కించింది, ఆ దెబ్బకు అంతకు ముందు వచ్చే అక్షరాలు కూడా రావడం మానేశాయి. తనకు భయంగా ఉన్నప్పుడు నా కూతురు గోళ్ళు కొరకదు, ఏడవదు, అన్నం మానేస్తుంది. మూడో రోజు నుంచి కంచంలో ముద్ద అలాగే ఉండేది.

ఎనిమిదో రోజు నేనే కార్డు తీసుకుని అంగడికి పోయాను. అంగడాయన తన కంప్యూటరులో పెట్టి చూశాడు, బ్రహ్మాండంగా వెలిగింది. వస్తువులో తప్పు లేదన్నమాట. వెనక్కి తీసుకోమన్నాను. ఆయన కుంకుమ మరకను వేలితో చూపించి నవ్వాడు.

"అక్కా, బొట్టు పెట్టి కాపురానికి తోలుకున్న పెండ్లికూతుర్ని ఇంగ నా అంగట్లో వదిలిపెడతానంటే ఎట్లక్కా? ఎవురు కొంటారు దీన్ని?"

"నువ్విచ్చిన పెండ్లికూతురికి మా ఇంటి మాటే తెలీదు కదప్పా. అంతా తెలుసంటివే."

"అయితే ఇంటినే మార్చేయక్కా, ఆ లినక్స్ తీసేసి ఇంకో పద్ధతి వేసుకో. అది దుడ్డు పెట్టి కొనాల్సిందే, అయినా దొంగ కాపీ నా దగ్గరే ఉండాది, అర్ధగంటలో ఎక్కించిస్తా. ఊరంతా అదే వాడతా ఉండారు, మీకొక్కరికే ఏమొచ్చింది?"

నా గొంతు లేచింది. "నా మొగుడు ముప్ఫై ఏండ్లు బంగారు గనిలో దిగినాడు. పైకొచ్చినప్పుడల్లా గేటుకాడ ఒళ్ళంతా తడిమి పంపిస్తా ఉండ్రి. గోరంత మట్టి దొరకలేదు ఆ మనిషి దగ్గర. ఆయన పుస్తకంలోని గనిని నేను దొంగ సొమ్ములో పెట్టి చూపించాల్నా?"

అంగట్లో ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. ఆయన తల వంచుకుని ఏదో సర్దుకోసాగాడు. నేను కార్డును సంచిలో వేసుకుని వచ్చేశాను. కోపం సగం ఆయన మీద, సగం నా మీద. నిన్న వచ్చినదే కావాలన్నది నేనే కదా.

ఆ సాయంత్రం కూతుర్ని కూర్చోబెట్టి, నాకర్థమయ్యేట్టు చెప్పు, ఎందుకు కుదరలేదు అని అడిగాను. తను చెప్పింది ఇది. ప్రతి కార్డుకూ ఒక పని తీరు ఉంటుంది. కొన్ని కంపెనీలు ఆ తీరును బయటపెడతాయి, లినక్స్ వాళ్ళు దాన్ని తమ పద్ధతి లోపలే కలుపుకుంటారు, అప్పుడు బిగించగానే నడుస్తుంది. కొన్ని కంపెనీలు చెప్పవు. చెప్పినా, మరీ కొత్తదైతే నేర్చుకునేదానికి వాళ్ళకు కొన్ని నెలలు కావాలి, మన ఇంట్లో ఉన్నది రెండేళ్ళ నాటి లినక్స్, దానికి ఈ నెల పుట్టిన కార్డు మొహమే తెలియదు. ఇంకా, మన పెట్టె చిన్నది, పొడుగు కార్డు పట్టదు. కరెంటు డబ్బా చిన్నది, వేరే వైరు అడిగే కార్డుకు చాలదు. తీరు చెప్పిన కంపెనీదై ఉండాలి, ఏడాది రెండేళ్ళ పాతదై ఉండాలి, పొట్టిదై ఉండాలి, వేరే కరెంటు అడగకూడదు. నాలుగూ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. ఇన్నీ చూసినా నడుస్తుందని రూఢిగా చెప్పలేనమ్మా, బిగిస్తేనే తెలుస్తుంది, అంది.

బిగిస్తేనే తెలుస్తుంది అన్న మాట దగ్గర నాకు మా నాయన కళ్ళలో మెదిలాడు.

మాది గౌనిపల్లి వైపు. రాగి చేను, కొంచెం మామిడి, రెండెద్దుల సేద్యం. నా చిన్నప్పుడు ఒక ఎద్దు పాము కరిచి పోయింది. మిగిలినదానికి జత కావాలి. మా నాయన సంతకు పోతూ ఇంట్లో ఉన్న ఎద్దును కూడా తోలుకుని పోయాడు, భుజాన కాడి పెట్టుకున్నాడు, నేను వెనకాల నడిచాను. నా ఈడువాళ్ళలో పల్లెలో పుట్టినవాళ్ళకు ఇది తెలిసే ఉంటుంది, ఒంటెద్దును కొనేవాడు పళ్ళు చూసి, సుడులు చూసి ఊరుకోడు, అమ్మేవాడి ఎద్దునూ తన ఎద్దునూ ఒకే కాడికి కట్టి పదడుగులు నడిపించి చూస్తాడు. ఆ రోజు కొమ్ములకు రంగు పూసిన పెద్ద ఎద్దు ఒకటి నాకు తెగ నచ్చింది. కడితే నాలుగడుగులకే మా ఎద్దును ఈడ్చుకుపోయింది. మా నాయన వద్దన్నాడు. చివరికి ఒక చెవి చిరిగిన మామూలు ఎద్దు, మా దాని అడుగులో అడుగు వేసి నడిచింది. దాన్నే తోలుకొచ్చాడు. పన్నెండు పంటలు దున్నింది అది.

"రేపు మనం బెంగళూరు పోతాం. ఎద్దును కూడా తోలుకపోతాం," అన్నాను. కూతురికి అర్థం కాలేదు. నేను కంప్యూటరు పెట్టెను, అదే సీపీయూను, పాత చీరలో మూటగట్టడం మొదలుపెట్టాక అర్థమైంది. నవ్వింది. ఆ పూట అన్నం తింది.

పొద్దున రైలు గురించి మా ఊరివాళ్ళకు చెప్పనక్కరలేదు. గనులు మూశాక సగం ఊరు ఆ రైల్లోనే బెంగళూరు పోయి కూలి చేసుకుని తిరిగి వస్తుంది. రోజూ పోయేవాళ్ళకు ఎవరి చోటు వాళ్ళకుంటుంది, మధ్యలో మాలాంటివాళ్ళు ఎక్కితే మొహాలు చిట్లుతాయి. బంగారుపేటలో ఇంకో వంద మంది ఎక్కారు. నేను మూటను ఒళ్ళో పెట్టుకుని దాని మీద రెండు చేతులూ వేసుకుని కూర్చున్నాను. ఎదురుగా ఉన్న పెద్దాయన చాలాసేపు చూశాడు.

"ఏమ్మా, చంటిబిడ్డను పెట్టుకున్నట్టు పెట్టుకోనుండావే, ఏముండాది దాంట్లో?"

"ఎద్దప్పా. సంతకు తోలుకపోతా ఉండాను, జత చూసేదానికి."

రైలుపెట్టె అంతా నవ్వులు. కూతురు సిగ్గుపడి కిటికీ వైపు తిరిగింది గానీ, ఆయన అడిగి అడిగి మొత్తం కథ చెప్పించాడు. ఆయనా ఒకప్పుడు గనిలో దిగినవాడే. పుస్తకం మాట వినగానే తన చోటు వదిలి, "ఎద్దును ఈడ పెట్టమ్మా, ఒళ్ళు నొస్తాది," అని మిగిలిన దారంతా నిలబడే వచ్చాడు.

బెంగళూరులో కంప్యూటరు సామాను అమ్మే వీధి ఒకటుంది, సందుకు సందు అంగళ్ళే. మొదటి అంగట్లో మూట దించి, నాలుగు వేళ్ళూ చూపించి, ఇలాంటిది కావాలి, నా పెట్టెలో బిగించి చూపించు, నడిస్తే కొంటాను అన్నాను. సీలు విప్పితే పాతదైపోతుందమ్మా అన్నారు. రెండో అంగడి, మూడో అంగడి, అదే మాట. ఒకడైతే లినక్స్ అనగానే చేయి అడ్డంగా ఊపాడు. చీర మడత విప్పి చూపించనివాడి దగ్గర చీర కొంటామా, పుచ్చకాయ కోసి చూపించరా అని నేను వాదిస్తూనే ఉన్నాను, కూతురు కొంగు లాగుతూనే ఉంది. పోదాం పదమ్మా, చూసినవాళ్ళు నవ్వుతున్నారు అంది. నవ్వనీ, వాళ్ళెవరూ మనకు ఉద్యోగం ఇచ్చేవాళ్ళు కాదు అన్నాను. ఏడో అంగట్లోనో ఎనిమిదో అంగట్లోనో మెట్టు మీద మూట పెట్టి, పక్కనే నేనూ కూర్చున్నాను. ఇక లేవదలచుకోలేదు.

ఆ అంగడి యజమాని తలంతా నెరిసిన మనిషి, మదనపల్లి వైపువాడు. నా మాట విని ఆ యాసకే బయటికి వచ్చాడు. కొత్తది విప్పడం మాత్రం కుదరదన్నాడు. తను రోజూ వాడుకునే కంప్యూటరులో అదే రకం కార్డు ఉంది, దాన్ని తీసి బిగిస్తాను, నడిస్తే అలాంటిదే సీలుపెట్టె ఇస్తాను అన్నాడు. సరేనన్నాను. కూతురే బిగించింది. తెర తెచ్చి పెట్టారు, స్విచ్చి నొక్కారు. ఫ్యాను తిరిగింది.

తెర నల్లగానే ఉంది.

మా గడువులో మిగిలినవి పదకొండు రోజులు, ఆ బొమ్మ తయారు కావడానికే తొమ్మిది పడుతుందని కూతురి లెక్క. నా కూతురు వైర్లు తీయబోయింది. నేను దాని చేయి పట్టుకున్నాను. నాకు అక్షరాలు రావు గానీ కళ్ళున్నాయి. వారం రోజులుగా ఆ పెట్టె వెనక ఏ వైరు ఎక్కడ పోతుందో చూస్తూనే ఉన్నాను.

"తెర వైరు యాడ పెట్టినావు?"

"ఎప్పుడూ పెట్టే చోటేమ్మా."

"ఎప్పుడూ పెట్టే చోట పెడితే ఎట్లే? కొత్తెద్దును కట్టి పగ్గం పాతదానికే వేసినావు. కార్డుకు వేరే బొక్కలు లేవా?"

కంగారులో కార్డుకున్న చోట కాకుండా, పాత చోటే గుచ్చింది. తీసి కార్డుకు గుచ్చి మళ్ళీ నొక్కితే తెర వెలిగింది. ముందు అక్షరాలు, తర్వాత మా ఇంటి తెర మీద ఉండే ఆ నీలం రంగు. అంగడాయన, "మీ యమ్మ ఇంజనీరా?" అని దాన్నడిగాడు. ఇంట్లో పెట్టిన మొదటి కార్డుకు కూడా ఇలాగే చేశావా అని నేనడిగితే, లేదమ్మా, అప్పుడు సరిగ్గానే పెట్టాను, ఈరోజే తొందరపడ్డాను అంది.

వెలగడం చాలదు, పదడుగులు నడవాలి అన్నాను. కూతురు షాఫ్టును తెరిచింది.

నేను అప్పటిదాకా దాన్ని ముక్కలు ముక్కలుగానే చూశాను. ఆ పూట బోను కదిలింది, ఆగలేదు. రాతిగోడలు పైకి పోతున్నాయి, మనం దిగుతున్నాం. ఒక సొరంగం వాకిలి వచ్చింది, పోయింది, ఇంకొకటి వచ్చింది. ఎక్కడో చాలా లోతున ఒక వాకిలి పక్కన గోడకు చిన్న దీపం ఉంది. అదేమిటే అన్నాను. నాన్న పుస్తకంలో ఆ చోట, ఇక్కడ గాలి తగులుతుంది, అన్నానికి మంచి చోటు, అని రాసుకున్నాడమ్మా, అందుకే అక్కడ దీపం పెట్టాను, అంది. ముప్ఫై ఏళ్ళు నేను కట్టిన క్యారియరు ఆయన ఎక్కడ కూర్చుని విప్పేవాడో, బెంగళూరు అంగట్లో మెట్టు మీద కూర్చుని చూశాను. కళ్ళు తుడుచుకోలేదు, తుడుచుకుంటే అంతసేపూ చూడలేను కదా. బోను అడుగుకు దిగి ఆగింది.

యజమాని సీలుపెట్టె తీసుకొచ్చాడు. నేను వద్దన్నాను. కాడికి కట్టి నడిపించింది ఈ ఎద్దును, దాని తమ్ముణ్ణి ఎలా తోలుకుపోతాను, ఇదే కావాలి అన్నాను. అది వాడినదమ్మా, కొత్తదుండగా పాతదెందుకు అన్నాడు. కొత్తదాని సంగతి నాకు బాగా తెలుసప్పా అన్నాను. తలకొట్టుకుని నవ్వి, దాన్నే ఉంచుకోమన్నాడు.

బొమ్మ పద్దెనిమిదో రోజుకు తయారైంది. ఉద్యోగం వచ్చింది. ఆఫీసులో చూసినవాళ్ళు ఆ దీపం ఎందుకని అడిగారట, అదొక్కటే కూతురు నాకు వచ్చి చెప్పింది, మిగతాదంతా ఇంగ్లీషులో జరిగిందిలే అంది.

ఆ కార్డు పన్నెండేళ్ళు నడిచి పోయిన నెల ఆగిపోయింది, చెవి చిరిగిన ఎద్దులాగే. కుంకుమ మరకతో ఉన్న మొదటిది మాత్రం ఇంకా మా దేవుడి గూటి పక్కన ఉంది. రెండేళ్ళ తర్వాత లినక్స్ దాని తీరు కూడా నేర్చుకుందట, అప్పటికి మాకు దాని అవసరం లేదు. ఏ కార్డు ఏ పద్ధతిలో నడుస్తుందో వాడినవాళ్ళందరూ ఇప్పుడు ఫోనులోనే రాసి పెడతారట, కూతురు అది చదువుకునే తెప్పించింది. మంచిదే. రైల్లో ఒళ్ళు నొప్పి లేదు, మెట్ల మీద కూర్చోనక్కరలేదు, పదిమంది నవ్వరు. తన చోటు ఇచ్చి నిలబడే మనిషీ తగలడు, తన ఎద్దునే ఇచ్చేసే నెరిసిన తలా కనిపించదు. ఆ వీధిలో ఆయన అంగడి ఉన్న చోట ఇప్పుడు ఫోన్ల కవర్లు అమ్ముతున్నారని విన్నాను. మా గౌనిపల్లిలో కాడి ఎత్తేవాళ్ళే లేరు, ట్రాక్టరుకు జత అక్కరలేదు.

ఇంతసేపూ నేను చెబుతుండగానే నా కూతురు కొత్త కార్డు బిగించేసింది. తెర వైరు సరిగ్గా గుచ్చావా అని అడిగాను, పన్నెండేళ్ళుగా అడుగుతూనే ఉన్నావు అంది. షాఫ్టు తెరిచింది. బోను కదిలింది. టీచరమ్మ కలం ఆపి చూస్తున్నారు. గనులు మూసి, నీళ్ళు తోడే మోటార్లు ఆపేశాక ఆ లోతులన్నీ నీళ్ళతో నిండిపోయాయని ఊళ్ళో అందరికీ తెలుసు, ఇక ఎవరూ దిగేది లేదు. ఇక్కడ మాత్రం గోడలు పొడిగానే ఉన్నాయి, వాకిళ్ళు ఒక్కొక్కటే పైకి పోతున్నాయి, అదిగో దీపం వచ్చింది, అన్నానికి మంచి చోటు.

దిగింది. ఇప్పుడు భరిణె మూత తీశాను. బొట్టు పెట్టె మీద పెట్టాను, పళ్ళకు కాదు.